గొడుగుల సంఘంలో గ్రాంథికం

లాక్‌డౌన్లు ముగిసి స్టూడియోలు పూర్తిగా తెరుచుకున్న సంవత్సరం జూన్ నెలలో, పంజాగుట్ట కూడలి నుంచి ఎర్రమంజిల్ వైపు వెళ్ళే దారిలోని ఒక డబ్బింగ్ స్టూడియోలో, జపాన్ వారి యానిమేషన్ ధారావాహిక ఒకదానికి నన్ను భాషా పరిశీలకుడిగా నియమించారు. అంతకు ముందు అదే స్టూడియోలో పౌరాణిక ధారావాహికలకూ వన్యప్రాణుల చిత్రాలకూ అదే పని చేశాను. దేవతలకూ పులులకూ తెలుగు దిద్దినవాడికి బడిపిల్లలు ఒక లెక్కా అనుకొని నియామకాన్ని అంగీకరించాను.

భాషా పరిశీలకుడి పని ఏమిటో పాఠకులకు కొంత చెప్పాలి. ధారావాహికను ప్రసారం చేసే ముంబాయి సంస్థ నుంచి సంభాషణల పాఠం ఇంగ్లీషులో వస్తుంది. ప్రతి మాట పక్కనా అది ఏ క్షణంలో మొదలై ఏ క్షణంలో ముగుస్తుందో ఉంటుంది. దాన్ని తెలుగు చేసి, బొమ్మ నోటికి అతికేలా కుదించి లేదా సాగదీసి, కళాకారుల చేత పలికించి, చివరికి పరిశీలకుడు సంతకం చేస్తే గాని భాగం బయటికి వెళ్ళదు. హోదాలో నేను డబ్బింగ్ డైరెక్టరు కంటే ఒక మెట్టు కింద. భాష విషయంలో మాత్రం ఆయన మాట కంటే నా మాట చెల్లాలి. ఈ ఏర్పాటు కాగితం మీద చాలా స్పష్టంగా ఉండేది. గదిలో అంత స్పష్టంగా ఉండేది కాదు.

నటులున్న చిత్రాల్లో ప, బ, మ వంటి అక్షరాల దగ్గర పెదవులు కలిసినట్టు కనబడాలి. యానిమేషన్‌లో ఆ బాధ తక్కువ. బొమ్మ నోటికి సాధారణంగా మూడే ఆకారాలు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. కాబట్టి అక్షరం కంటే కాలం ముఖ్యం. నేను దీనికి ఛందస్సును వాడేవాడిని. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నోటి కదలికను బట్టి వాక్యాన్ని మాత్రలతో తూచి రాసేవాడిని. సౌండ్ ఇంజనీర్లు మొదట్లో నవ్వారు. నా వాక్యాలకు తెర మీద అతుకు కనబడకపోయేసరికి నవ్వు మానుకున్నారు.

ఇక ధారావాహిక విషయం. జపాన్‌లో ఒక ఉన్నత పాఠశాల. అక్కడ బడి వేళలు ముగిశాక పిల్లలు సంఘాలుగా ఏర్పడి ఏదో ఒక వ్యాసంగం చేయడం ఆచారం. ఈ కథలోని సంఘం, బడిలో పిల్లలు మరిచిపోయిన గొడుగులను బాగుచేసే సంఘం. దాని అధ్యక్షురాలు కజుయో అనే పదిహేనేళ్ళ బాలిక. దిక్కులేని ప్రతి గొడుగూ నక్షత్రాల అవతల ఉన్న తన అసలు యజమాని కోసం ఎదురుచూస్తున్నదని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకం నిజం కావడంతో చిక్కులన్నీ మొదలవుతాయి. వేరే గ్రహం నుంచి ఒక రాయబారి, భూమిని స్వాధీనం చేసుకుంటున్నామన్న నోటీసు పట్టుకొని దిగుతాడు. పాఠశాలే భూమి శాసనసభ అనుకుంటాడు. నోటీసు ముట్టినట్టు రసీదు తీసుకోనిదే తిరిగి వెళ్ళకూడదని వాళ్ళ నిబంధన. కజుయో రసీదు ఇవ్వదు. సంఘంలో చేర్చుకొని గొడుగులు కుట్టిస్తుంది. ఆ రాయబారి పట్ల నాకు మొదటి నుంచీ కొంత సానుభూతి ఉండేది.

సంఘం అన్నాక సభా మర్యాద ఉండాలి. పైగా ప్రాంతీయ యాస లేని ప్రామాణిక భాష వాడాలని ముంబాయి వారి నియమావళిలోనే ఉంది. అందువల్ల పాత్రలన్నిటికీ శిష్టమైన తెలుగు రాశాను. విద్యా సంవత్సరం మొదటి రోజున బడి గేటు దగ్గర నిలబడి, కొత్తగా చేరిన పిల్లలను తమ సంఘంలోకి లాగే సన్నివేశం ఒకటి మొదటి భాగానికి ఆయువుపట్టు. అక్కడ కజుయోకు ఇలా రాశాను: “నూతన విద్యార్థులకు స్వాగతం. యజమానులను కోల్పోయిన గొడుగుల పునరావాసానికి కృషి చేయుచున్న మా సంఘమున సభ్యత్వము స్వీకరించవలసినదిగా కోరుచున్నాము.” మాత్రలు ఒక్కటి కూడా తప్పలేదు.

కజుయోకు గొంతు ఇచ్చింది స్రవంతి. కొన్నేళ్ళుగా గుంపు అరుపులకూ, “అయ్యో”, “పరిగెత్తండి” వంటి ఒంటిమాటలకూ మాత్రమే పిలుపు అందుకున్న కళాకారిణి. ముఖ్యపాత్ర దొరకడం ఇదే మొదలు. సాయంత్రాలు మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్ వారి కౌంటరు దగ్గర పనిచేసేది. గేటు సన్నివేశం మొదటిసారి చదివి, అద్దం అవతల నుంచి మైకులో అడిగింది: “సార్, ఈ పోరికి పదిహేనేండ్లా, పదిహేను డిగ్రీలా?”

“కృషి” అన్న మాటలో ఋకారం సరిగా పలకమని మాత్రం జవాబు చెప్పాను. ఆమె పలికింది. రాసినదాన్ని రాసినట్టు, ఒక్క పొల్లు పోకుండా చెప్పింది. నేను సంతకం చేశాను.

వారం తిరిగేసరికి ముంబాయి వారి అభిప్రాయం వచ్చింది. పెదవుల కలయిక నిర్దుష్టం, భాష నిర్దుష్టం. ముఖ్యపాత్ర గొంతులో ప్రాణం లేదు, హాస్య ధారావాహికలో ఎక్కడా నవ్వు రాలేదు, కళాకారిణిని మార్చి సోమవారానికల్లా మళ్ళీ పంపండి అని దాని సారాంశం. ఒకసారి ముఖ్యపాత్ర నుంచి తొలగించిన గొంతును ఆ సంస్థ మరొక ధారావాహికకు పిలవదు. అది రాయని నియమం. రాసిన నియమాల కంటే అవే గట్టిగా అమలవుతాయి.

డబ్బింగ్ డైరెక్టరు యాదగిరి ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. “మీకు ఫస్ట్ క్లాసు సార్, పిల్లకు ఫెయిలు. ఒకటే కాగితంల రెండు రిజల్టులు. గీ లెక్కేందో నాకు సమజైతలేదు,” అన్నాడు. ఆమెకు చెప్పారా అని అడిగాను. “ఇంకా లేదు. ఎట్ల చెప్పాలె? మస్తు ఖుషీల ఉన్నది,” అన్నాడు.

ఆ సాయంత్రం రోజూలాగే నడిచి ఇంటికి బయలుదేరాను. అమీర్‌పేటలో మైత్రీవనం ముందు పేవ్‌మెంటు మీద నడవడమంటే కరపత్రాలు పంచేవారి మధ్య నుంచి ఈదడమే. ఆ సందడిలో పరిచయమైన గొంతు ఒకటి వినబడింది. స్రవంతి కౌంటరు వదిలి మెట్ల మీదికి వచ్చి, భుజాన పెద్ద సంచీ ఉన్న ఒక యువకుణ్ణి ఆపి ఉంది.

“ఏం కోర్సు తమ్మీ? తెల్వదా? తెల్వనోళ్ళ కోసమే డెమో క్లాసు. కూసో, విను, నచ్చకుంటే లేచి పో. ఏసీ అయితే ఫ్రీనే గద!”

“అక్కా, నేను బస్టాపు యాడుందో అడుగుదామని వచ్చిన,” అన్నాడతను.

“బస్సు రేపు సుత వస్తది. బ్యాచ్ రాదు!”

అతడు లోపలికి వెళ్ళిపోయాడు. ఏ కోర్సు కోసం వెళ్ళాడో అతనికి తెలిసినట్టు నాకు తోచలేదు. ఇంతలో ఆమె నన్ను చూసింది. గుర్తుపట్టి తడబడుతుందనుకున్నాను. తడబడలేదు. “సార్, మీరా! రండి రండి, రిటైరయినోళ్ళకు సుత బ్యాచ్ ఉంది,” అంది. నేను ఇంకా రిటైరు కాలేదని చెప్పాను. “అయితే వీకెండ్ బ్యాచ్ల చేరండి,” అంటూ చేతిలో కరపత్రం పెట్టింది. అప్పటికి నేను మెట్లు ఎక్కడం మొదలుపెట్టి ఉన్నానని కాసేపటికి గాని గ్రహించలేదు.

కిందికి దిగి, పక్కన నిలబడి కొంతసేపు విన్నాను. గేటు సన్నివేశంలో కజుయో చేసేది అక్షరాలా ఇదే. ఎటో పోయేవాణ్ణి ఆపి, వాడికి అవసరం లేనిదాన్ని వాడికి అత్యవసరం చేయడం. బస్సు, బ్యాచ్ అన్న ఆ రెండు వాక్యాలను అలవాటు కొద్దీ వేళ్ళ మీద తూచాను. కజుయో నోటికి సరిపోయేలా ఉన్నాయి.

ఈ వ్యవహారంలో నా భాషకు దోషం అంటించడం సరికాదని నా అభిప్రాయం, ఇప్పటికీ అదే. వాక్యాలు శుద్ధమైనవి. అవి ఉండవలసిన నోట్లో లేవు, అంతే. మన ప్రాచీన నాటకాల్లో రాజు సంస్కృతం మాట్లాడతాడు, విదూషకుడు ప్రాకృతం మాట్లాడతాడు. ఒకే రంగస్థలం మీద, ఒకరికొకరు చక్కగా అర్థమవుతూ. ఇది ఉల్లంఘన కాదు, వ్యవస్థ. మరునాడు పొద్దున్నే ఈ మాటలే ఒక వివరణగా రాసి ముంబాయి వారికి పంపాను. యాస వద్దన్న నియమం నుంచి ఈ ఒక్క ధారావాహికకు మినహాయింపు కోరాను. బాధ్యత నాదని సంతకం చేశాను. కజుయోకు హైదరాబాదు మాట. రసీదు కోసం తిరిగే రాయబారికి, నిబంధనలు తెలిసినవాడు గనుక, నా శిష్ట భాష. మొదటి ప్రతిలో నేను పడిన శ్రమ ఆ విధంగా వృథా పోలేదు.

యాదగిరి అది చదివి, ఒంట్లో బాగానే ఉందా అని నన్ను అడిగాడు. తర్వాత కాసేపు ఆలోచించి, “అంటే సార్, హైదరాబాద్ల సాఫ్ తెలుగు మాట్లాడెటోడు వేరే గ్రహం నుంచి దిగాలె అంటున్నరు,” అన్నాడు. ఆ వ్యాఖ్యను నేను కార్యాలయ విషయంగా పరిగణించలేదు.

మళ్ళీ రికార్డు చేయాలంటే కారణం కళాకారిణికి చెప్పాలి. యాదగిరి చెప్పాడు. స్రవంతి కుర్చీలో కూర్చొని, హెడ్‌ఫోను తీగను వేలికి చుట్టుకుంటూ విన్నది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది. “నా గొంతు బాగలేదన్నరా సార్, మాట బాగలేదన్నరా?”

గొంతు అన్నారని చెప్పాను.

“మరి గా మాట నాది కాదు గద.”

“కాదు,” అన్నాను. “ఈసారి మీది చెప్పండి. నేను తూచి పెడతాను.”

గేటు సన్నివేశం ఆమె చెబుతుంటే యాదగిరి నవ్వు మైకులో పడి రెండు టేకులు పాడయ్యాయి. అతణ్ణి గది బయట కూర్చోబెట్టి మూడవది తీశాము. అసలు ఇబ్బంది రాయబారి దగ్గర వచ్చింది. ఆ పాత్రకు ఎంపికైన కళాకారుడు ఒత్తులు పలకలేకపోయాడు. “స్వాధీన” అతని నోట ప్రతిసారీ “స్వాదీన” అయ్యేది. వేరొకరిని పిలిచే వ్యవధి లేదు. నమూనాగా, తాత్కాలికంగా, ముంబాయి వారి అనుమతికి లోబడి, నేనే బూత్‌లోకి వెళ్ళాను.

“భూగోళ పాలకులారా! మా గ్రహమండలి జారీ చేసిన స్వాధీన పత్రమును స్వీకరించి, ముట్టినట్లు రసీదు దయచేయవలెను.”

“ఇస్త గని, ముందు హాజరెయ్. నీది ఏ సెక్షన్?” అని పక్క మైకులో స్రవంతి.

మొదటి టేకు తర్వాత ఆమె, నేను ఆమెతో ఎన్నడూ వాడని చనువుతో, “సార్, జర ప్రాణం పెట్టి చెప్పండి. ‘దయచేయవలెను’ కాడ ఏడ్చినట్టున్నరు,” అంది. నేను మళ్ళీ చెప్పాను. బాగోలేదంది. మళ్ళీ చెప్పాను. అద్దం అవతల ఇంజనీరు తల వంచుకొని మీటలు చూస్తున్నట్టు నటించాడు. ఆ పూట కొన్ని పాత లెక్కలు సరి అవుతున్నాయని నాకు తెలుసు. అవి న్యాయమైనవే గనుక అభ్యంతరం చెప్పలేదు.

సోమవారం పంపాము. స్రవంతి ఆ రెండు రోజులూ స్టూడియోకు రాలేదు. మైత్రీవనంలో కూడా కనబడలేదు. జవాబు బుధవారం వచ్చింది. మినహాయింపు మంజూరు. ముఖ్యపాత్ర గొంతు అదే కొనసాగించాలి. రాయబారి గొంతు కాస్త వృద్ధంగా ఉన్నా అంతరిక్షం నుంచి వచ్చినట్టే ఉంది, మార్చవద్దు. చివరలో ఒక లోపం చూపారు. గేటు సన్నివేశంలో కజుయో నోరు మూసుకున్నాక కూడా మాట కొంచెం మిగిలిపోయిందట. నా సంతకంతో బయటికి వెళ్ళిన భాగంలో పెదవి దోషం నమోదు కావడం అదే మొదటిసారి. అట్లనే బాగుంది, ఉండనీయండని యాదగిరి బతిమాలాడు. నేను సరిచేశాను.

స్రవంతికి ఫోను చేసి విషయం చెప్పింది యాదగిరి. ఆమె అవతల ఏమన్నదో నాకు తెలియదు. ఫోను పెట్టేసి అతడు చెప్పింది ఇది: “కౌంటరుకు ఇయ్యాలనే రాజీనామా ఇస్తదట సార్. గని మీరు వీకెండ్ బ్యాచ్ల చేరుతరో లేదో ముందు చెప్పమంటున్నది.”

ధారావాహిక ముగిసేదాకా ఆమె కజుయోగా, నేను రసీదు అందని రాయబారిగా పనిచేశాము. తర్వాత ఆమెకు మరి రెండు ముఖ్యపాత్రలు వచ్చాయి. నేను పదవీ విరమణ చేశాను.

ఈ ఉదంతం వల్ల తెలిసింది ఒకటే. ఒక గొంతు పనికిరాదని తీర్మానించే ముందు, దానికి మనం ఏ మాటలు ఇచ్చామో పరిశీలించాలి. విరమణకు ముందు దీన్ని స్టూడియో నియమావళిలో చేర్చవలసిందిగా రాసి ఇచ్చాను. చేర్చారు. నేను రాసిన వాక్యం పొడవుగా ఉందని యాదగిరి దాన్ని ఇలా మార్చాడు: “ఆర్టిస్టును మార్చే ముందు డైలాగు మార్చి చూడు.” ఆ వాక్యాన్ని భాషాపరంగా నేను ఆమోదించలేదు. సంతకం మాత్రం చేశాను.