పదిలోపు దెబ్బలు

మా మేనమామ రెడ్డిగూడెంలో మామిడి రైతు. భజనల్లో డోలక్ వాయించేవాడు. నాకు చెయ్యి తిప్పడం నేర్పింది ఆయనే. గట్టిగా బాదితే ఒప్పుకునేవాడు కాదు. "రసం పండు పిసికినట్టుండాలిరా, తోలు చిట్లకూడదు" అనేవాడు. నేనేమో ఫంక్షన్లలో ఎలక్ట్రానిక్ ప్యాడ్లు బాదుకుంటూ బతుకుతున్నాను.

పక్షవాతం వచ్చాక ఆయన చేతిలో బలం తగ్గింది, డోలక్ పట్టలేకపోయాడు. మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో ఒక్క పాటకైనా వాయించాలని ఆశపడ్డాడు. "దానిదేముంది మావయ్యా, నా ప్యాడ్ మీద వేలు ఆనిస్తే చాలు, పలుకుద్ది" అని గొప్పలు పోయాను.

ప్యాడ్ మీద దెబ్బ పడగానే, అది ఎంత గట్టిదో చెప్పే అంకె ఒకటి ల్యాప్‌టాప్‌కి వెళ్తుంది. ఒకటి నుంచి నూట ఇరవై ఏడు దాకా, అంతే. మనిషి చేతిలోని తేడాలన్నీ అందులోనే సర్దుకోవాలి. స్పీకర్ల అదురుకు ప్యాడ్లు వాటంతటవే మోగుతున్నాయని, పదిలోపు అంకెలకు శబ్దం రాకుండా ఎప్పుడో ఆపేసి పెట్టాను. ఆ సంగతి గుర్తే లేదు. ముందు కొట్టి చూసింది కూడా నేనే, నా చేత్తోనే. నా బుద్ధి గడ్డి తింది.

మామిడి తోటలోనే పందిరి వేశారు. పాట మొదలైంది. మావయ్య కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు, ఒక్క దెబ్బా పలకలేదు. నేను వైరు ఊడిందేమోనని వెతుకుతున్నాను. జనం జాలిగా చూస్తున్నారు. కాసేపటికి ఆయనే చెయ్యి తీసేశాడు.

"నా చెయ్యి పోయిందిరా. నువ్వు కానివ్వు."

నేను కానిచ్చాను. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. వారం తిరక్కుండా ఆయన డోలక్‌ని చాట్రాయి భజన వాళ్లకిచ్చేశాడు.

తర్వాత ల్యాప్‌టాప్‌లో నమోదైన ఆ రోజు రికార్డు తెరిచి చూశాను. శబ్దం లేదు గానీ అంకెలన్నీ ఉన్నాయి. ఐదు, ఏడు, ఆరు, తొమ్మిది. ఒక్కటీ తాళం తప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లక రెండు నెలలు నాన్చాను. చివరికి ఆ అంకెలు పెంచి, శబ్దం వచ్చేలా చేసి, తీసుకెళ్లి వినిపించాను. తలాడిస్తూ విన్నాడు.

"మంచి చెయ్యిరా. ఎవరిది?"

"నీదే మావయ్యా. ఆ రోజుది. తప్పంతా నాది, సెట్టింగ్ నేనే..."

ఆయన నవ్వి నా భుజం తట్టాడు.

"ఊరుకోరా. నాదైతే ఆ రోజే వినపడేదిగా."