కుచ్చిళ్ళు ముందుకే వస్తాయనుకున్నాను

మనిషి పరువు వెనకవైపు నుంచి కూడా పోగలదని నాకు ముప్పై ఏళ్ళు దాటేదాకా తెలియదు. తెలిసిన రోజు మాత్రం గట్టిగానే తెలిసింది. నిండు పెళ్ళిలో, బ్యాగ్‌పైప్ సంగీతంతో సహా పోయింది. ఎలా పోయిందో చెబుతాను. మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు. ఆ రోజు అక్కడున్నవాళ్ళెవరూ మొహమాటపడలేదు.

అప్పట్లో మేము అమెరికాలో, బెంటన్‌విల్‌లో ఉండేవాళ్ళం. ఆఫీసులో నా పక్క సీటు డగ్లస్‌ది. అందరూ డగ్ అంటారు. తలుపులోంచి వచ్చేటప్పుడు తల వంచాల్సినంత పొడుగు, ఆ పొడుగుకి తగ్గ గొంతు. నేను ఆ ఊరికి కొత్తగా వచ్చి, కారు లేక దిక్కులు చూస్తున్నప్పుడు అడక్కుండానే రోజూ నన్ను ఆఫీసుకి తీసుకెళ్ళి తీసుకొచ్చినవాడు. అలాంటివాడు ఒకరోజు లంచ్ దగ్గర, "నా పెళ్ళిలో నా పక్కన నిలబడతావా?" అన్నాడు. అంటే తోడుపెళ్ళికొడుకన్నమాట. అక్కడికక్కడే ఒప్పేసుకున్నాను.

"ఒక్కటే కండిషన్. మా తాతలు స్కాట్లండ్ వాళ్ళు. మగవాళ్ళం అందరం కిల్ట్ వేసుకుంటాం. అద్దెకి దొరుకుతుంది, కంగారుపడకు," అన్నాడు.

ఇంటికెళ్ళి మా ఆవిడ మాధవికి చెప్పాను.

"కిల్ట్ అంటే ఆ గళ్ళ లంగానేనా?"

"లంగా కాదు. యుద్ధాలు చేసినవాళ్ళు కట్టుకునేది."

"యుద్ధం సంగతి సరే. ఆ కాళ్ళు బయట పెడతావా?" అంది నా పిక్కల వైపు జాలిగా చూస్తూ.

అక్కడితో ఆగి అద్దెకి తెచ్చుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ నాకో జబ్బు ఉంది. ఒక్కరోజు వాడి తిరిగిచ్చేదానికి డబ్బు పెట్టాలంటే చెయ్యి రాదు. "ఇంకాస్త వేస్తే సొంతమే వస్తుంది కదా," అన్నాను.

"సొంతమైతే? గ్రోసరీకి కట్టుకెళ్తావా?"

లాప్‌టాప్ తెరిచాను. ఇక ఆ వారమంతా మా ఇంట్లో కిల్ట్ తప్ప వేరే మాట లేదు. చవకవి బోలెడున్నాయి, అన్నీ సింథటిక్. ఒకటి తెప్పించి చూస్తే, ముట్టుకోగానే వాన కోటులా చప్పుడు చేసింది. తిప్పి పంపేశాను. కొత్త ఉన్నివాటి ధర చూస్తే, దాంతో పాటు గొర్రెని కూడా ఇస్తారేమో అనిపించింది.

"అసలైనవాటికి ఎనిమిది గజాల బట్ట పడుతుందట," అన్నాను.

"మా నాయనమ్మ చీర తొమ్మిది గజాలు. అది కట్టుకుని పో. ఇంకో గజం మిగుల్తుంది," అంది మాధవి.

చివరికి డగ్ దారి చూపించాడు. "మొదటి కిల్ట్‌కి ఎనిమిది గజాలు అక్కర్లేదు, ఐదు చాలు. కానీ ఉన్నే తీసుకో. మడతలు నిలుస్తాయి, గాలికి లేవదు. ఎవరో వాడినదైనా ఫర్వాలేదు, ఉన్ని ఒక పట్టాన అరగదు."

అలా దొరికింది మార్గరెట్ గారి కిల్ట్. మిస్సోరీలో ఉంటుందావిడ. భర్త ఒళ్ళు చేసి పాతవి పట్టక అమ్మేస్తోంది. ముదురాకుపచ్చ, నీలం గళ్ళు, మధ్యలో సన్నటి తెల్లగీత. అక్కడ వంశానికో రకం గళ్ళుంటాయట; ఇవి మాత్రం ఎవరైనా కట్టుకోదగ్గవేనట, ఫలానా వంశంలో పుట్టాలన్న పట్టింపు లేదు. ధర కూడా నా ప్రాణానికి హాయిగా ఉంది. ఫోన్ చేశాను.

"ప్యాంటు సైజు చెప్పకు నాయనా," అంది ఆవిడ ఆ మాటకి సరిపోయే ఇంగ్లిష్‌లో. "కిల్ట్ బొడ్డు దగ్గర కడతారు. అక్కడ కొలిచి చెప్పు."

మాధవి టేపు పట్టుకుంది. నేను ఊపిరి బిగబట్టాను.

"గాలి వదులు."

"ఇది నా మామూలు నడుమే."

"మొహం నల్లబడుతోంది. వదులు!"

వదల్లేదు. ఆ అంకెనే మార్గరెట్ గారికి చెప్పాను. పెళ్ళినాటికి జిమ్‌కెళ్ళి ఆ అంకె అందుకుంటానని నాకు నేను మాటిచ్చుకున్నాను. జిమ్ మా అపార్ట్‌మెంట్ కిందనే ఉంది. పెళ్ళిదాకా అక్కడే ఉంది, నేనే వెళ్ళలేదు.

పార్సెల్ వచ్చింది. కిల్ట్ ఎంత బాగుందంటే మాధవి కూడా చేత్తో తడిమి చూసింది. బరువుగా, మెత్తగా, మడతలు కత్తితో కోసినట్టు. కట్టుకున్నాను. ఒకవైపు మడతల్లేకుండా చదునుగా ఉంది, ఇంకోవైపు అన్నీ కుచ్చిళ్ళు. చదునైన భాగం ముందుకి పెట్టి, పటకాలు చివరి రంధ్రాల్లోకి లాగి బిగించేసరికి, పొట్ట చక్కగా పార్సెల్ కట్టినట్టు కనిపించింది.

మాధవి చుట్టూ తిరిగి చూసింది. "తిరగేసి కట్టావు. కుచ్చిళ్ళు ముందుకి కదా రావాలి?"

నా బుర్రలో లైటు వెలిగింది. నిజమే! చీరకైనా పంచెకైనా కుచ్చిళ్ళు ముందే కదా. తిప్పి కట్టాను. పొట్ట కుచ్చిళ్ళలో మాయమైపోయింది.

"ఇదీ లెక్క," అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఫొటోలు చూడలేదా అని అడక్కండి. వందల ఫొటోలు చూశాను. రంగు చూశాను, ధర చూశాను, రిటర్న్ పాలసీ చూశాను. ముందేదో వెనకేదో చూడాలని మాత్రం తోచలేదు. ఇంకో విషయం కూడా తోచలేదు. కిల్ట్ ఒక కొస మీద ఇంకో కొస వేసి కట్టే బట్ట. నా నడుముకి చాలీచాలని ఆ బట్ట కొసలు కలిసే, తెరుచుకునే చోటు ఇప్పుడు నా వెనక ఉంది.

పెళ్ళి ఓజార్క్ కొండల్లో ఒక ఫామ్‌లో, ఆరుబయట. దారి తప్పి ఆలస్యంగా చేరాం. ఎవరికీ నన్ను పరిశీలించే తీరిక లేదు. నేరుగా వరసలోకి తోసేశారు. చంకలో తిత్తి నొక్కుతూ బ్యాగ్‌పైప్ వాయిస్తున్న పెద్దమనిషి ముందునుంచి నడిచాను. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి, పాట ఒకచోట జారింది. నా అందానికి చలించాడనుకున్నాను.

వెళ్ళి డగ్ వెనక నిలబడ్డాను. పెళ్ళికూతురు ఎమిలీ వచ్చింది. ఆమె ముందు పూలు చల్లుతూ నడుస్తున్న చిన్నపిల్ల చేతిలోంచి పూలబుట్ట జారి నా కాళ్ళ దగ్గర పడింది. మన మర్యాద ఊరుకుంటుందా? జనానికి వీపు పెట్టి వంగాను.

చల్లగాలి తగిలింది.

లోపల నీలం నిక్కరు వేసుకున్నాను, భయపడకండి. దాని నిండా పసుపు బాతులు. మాధవి మూడో వరసలోంచి "అయ్యో రామా!" అన్నది తెలుగులోనే, కానీ అందరికీ అర్థమైంది. వరసలు వరసలుగా నవ్వు లేచింది. నేను లేచి నిలబడి బుట్టని వెనక అడ్డం పెట్టుకున్నాను. చెవులు కాలిపోతున్నాయి. నన్ను నమ్మి పక్కన నిలబెట్టుకున్నవాడి పెళ్ళిని నవ్వులపాలు చేశానని, అక్కణ్ణుంచి కొండల్లోకి పారిపోదామనిపించింది.

డగ్ వెనక్కి తిరిగాడు. నన్ను పైనుంచి కిందదాకా చూశాడు.

"కుచ్చిళ్ళు ముందుకే కదా?" అన్నాను పీలగా.

"మీ దగ్గర ముందుకేనా?"

"ఎప్పుడూ ముందుకే."

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత పటకాలు వదులు చేసి, తన కిల్ట్‌ని నడుము చుట్టూ గిర్రున తిప్పుకున్నాడు. కుచ్చిళ్ళు ముందుకొచ్చాయి. మిగతా తోడుపెళ్ళికొడుకులు ముగ్గురూ మొహమొహాలు చూసుకుని వాళ్ళూ తిప్పుకున్నారు.

"ఇంకెవరైనా తిప్పుకునేవాళ్ళున్నారా?" అంది ఎమిలీ కళ్ళు తుడుచుకుంటూ. "లేకపోతే నేను పెళ్ళి చేసుకోవాలి."

ముందు వరసలో డగ్ నాయనమ్మ కూర్చుని ఉంది. కిల్ట్ మడత ఒకటి నలిగినా ఊరుకోదని ముందే బెదిరించారు నన్ను. ఆవిడ గట్టిగా, "బాతులు బాగున్నాయి," అంది.

ఆ పెళ్ళి ఆల్బమ్‌లో ఐదుగురు మగవాళ్ళం కుచ్చిళ్ళు ముందుకి పెట్టుకుని, మహారాజుల్లా నిలబడి ఉంటాం. డగ్ వాళ్ళ హాల్లో పెద్దది చేసి పెట్టారు.

మర్నాడు ఉదయం మా వంటింట్లో దేవుడి పటం ముందు నిలబడి చేతులు జోడించాను. "స్వామీ, ఇకమీదట ఏ దేశపు బట్టైనా సరే, ఆ దేశం మనిషిని ఒకణ్ణి పిలిచి ముందేదో వెనకేదో అడిగి తెలుసుకోకుండా కట్టను. తలపాగా అయినా కట్టను. ఇది ప్రమాణం," అన్నాను గంభీరంగా.

మాధవి కాఫీ కలుపుతూ వెనక్కి తిరిగి చూసింది. "ప్రమాణం బాగుంది. ముందు ఆ కిల్ట్ విప్పు, ఆఫీసుకి టైమవుతోంది."

"కాసేపుండనీ," అన్నాను. "భలే హాయిగా ఉంది."