ఓడకు పెట్టిన పేరు

కొలువు ముగిశాక రేవులో కట్టేసిన ఆ యుద్ధనౌకను జనానికి చూపించే ముసలాయన ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడడు. బతుకంతా ఇంజన్ గదుల్లో గడిపిన మనిషి. చెవులు సగం పోయాయి, గోళ్ళ సందుల్లో నలుపు మాత్రం పోలేదు. ఓడ చేసిన ఇరవయ్యారేళ్ళ కొలువు, రెండు యుద్ధాలు, తుపానులో కాపాడిన పడవలు, అన్నీ గడగడా అప్పజెప్పేస్తాడు. ఓడకు ఎవరి పేరు పెట్టారో ఆ కెప్టెన్ పటం దగ్గరకొచ్చేసరికి, "ఈయన దీనికి ముందు నడిపిన పాత ఓడతోపాటే మునిగాడు, పదండి" అని కసురుకున్నట్టు అంటాడు. ఓరోజు గుంపంతా కదిలినా ఒక నడివయసు ఆవిడ అక్కడే నిలబడిపోయింది.

"నేను ఆయన కూతుర్ని. మునిగిన ఆ ఓడలో మీరూ పనిచేశారట. మా నాన్నంటే ఎందుకండీ అంత కోపం?"

"నీళ్ళొస్తున్నాయని కింది గది తలుపు మూయించాడు. మూయకపోతే పడవల్లోకి దిగేలోపే ఓడ మునిగి అందరం పోయేవాళ్ళం, కాదనను. లోపల మా తమ్ముడున్నాడు."

"మరి మూసినవాళ్ళ మీద లేదా కోపం?"

"మూసింది నేనేనమ్మా. లోపలున్నది మావాడని ఆయనకు తెలుసు. తెలిసే నాకు చెప్పాడు." ముసలాయన పటానికి వీపు తిప్పాడు. "ఆయన చచ్చి పేరు తెచ్చుకున్నాడు. నేను బతికి రోజూ ఆ పేరే చెప్పుకుంటున్నాను."