బుజ్జోని జాగ

ముందుగాల ఒక మాట. దయ్యాల ముచ్చట్లంటే నాకు చిన్నప్పటి సంది చిరాకు. మా అవ్వ కొరివిదయ్యం కథ చెప్తుంటే మిగతా పోరగాళ్లంత దుప్పట్ల దూరేటోళ్లు. నేను మాత్రం "నువ్వు చూసినవా, ఎవలన్న చెప్తే ఇన్నవా?" అని అడిగి తిట్లు తినేదాన్ని. పెద్దయినంక తుర్కపల్లిల ఒక మందుల కంపెనీ ల్యాబుల చేరిన. నీళ్లు, పొడులు పరీక్ష చేసుడే నా పని. ఒకసారి కనవడ్డదాన్ని ఇంకోసారి చూసుకోకుంట రాసే అలవాటు నాకు లేదు. అసొంటి నేను ఈ ముచ్చట చెప్తున్న. నమ్మున్రి అని ఎవల్ని బతిమిలాడ.

మా ఇల్లు మేడ్చల్‌ల, గౌడవెల్లికి పోయే తొవ్వల ఉంటది. బాపు మా చిన్నప్పుడే పోయిండు. ఇగ ఇంట్ల అమ్మ, నేను, తమ్ముడు నరేష్. నరేష్ శామీర్‌పేట దిక్కు ఒక రిసార్టుల పనిచేసేటోడు. ఆడ పెద్ద అద్దాల ట్యాంకుల సముద్రపు చేపలుండేటివి. వాటిని చూసుకునుడే వాని కొలువు. వాళ్లు ఆ ట్యాంకు తీసేస్తమంటే అడుక్కొని, ట్రాలీ ఆటోల ఏసుకొని ఇంటికి తెచ్చిండు.

అమ్మ మొదట్ల మస్తు లొల్లి వెట్టింది. "తాగే నీళ్లకు ట్యాంకర్ కాడ కొట్లాడుతుంటే వీనికి ఉప్పునీళ్లు గావాల్నట!" అని గల్లీ అంత ఇనవడేటట్టు తిట్టింది. నెల తిరిగెటాళ్లకు ఆమెనే దాని ముంగట పీట ఏసుకొని చిక్కుడుకాయ గిల్లవట్టింది.

అండ్ల మాకు అందరికంటె ఇష్టమైనోడు ఒక క్లౌన్ ఫిష్. నారింజ రంగు మీద తెల్ల పట్టీలు. వానికి బుజ్జోడు అని పేరు వెట్టిండు నరేష్. ట్యాంకుల ఎనిమోన్ అని ఒక జీవి ఉండె. చూస్తే పువ్వు తీరుగ ఉంటది గని ప్రాణమున్న జంతువే, మెత్తటి వేళ్లసొంటివి మస్తుగ ఉంటయ్ దానికి. బుజ్జోడు ఆ వేళ్ల నడుమ పండుకునేటోడు. అదే వాని జాగ. నరేష్ డ్యూటీ నుంచి పొద్దుగూకెటాళ్లకు వచ్చి, బూట్లు గూడ ఇప్పకుంట ముందు బుజ్జోనికి రొయ్య ముక్క తినవెట్టేటోడు. వాడు నరేష్ వేళ్ల మీదికెల్లి తినేటోడు.

రెండు వేల పదకొండుల, దసర ఎల్లినంక, నరేష్ పోయిండు. హైవే మీద, బండి మీద. దాని గురించి ఇంతకంటె ఎక్కువ చెప్పుడు నాతోని కాదు.

అమ్మ ఏడ్వలే. అందరు ఏడిపియ్యాలని చూసిన్రు, ఏడ్వలే. మాట తక్కువైంది, తిండి తక్కువైంది. పొద్దుగూకంగ బుజ్జోనికి తినవెట్టి, వాడు తిన్నంకనే తాను నాలుగు మెతుకులు తినేది. "నా కొడుకు చేతి ముద్ద తిన్నోడు గీడొక్కడే మిగిలిండు" అనేది. నాకు భయం వట్టుకున్నది. ఈ చేపకు ఏమన్న అయితే అమ్మ నాకు దక్కదని తెల్సిపోయింది. అందుకే కంపెనీ క్యాబ్ దిగంగనే నీళ్లు పరీక్ష చేసుడు, ఉప్పు కలుపుడు, మోటర్లు కడుగుడు అన్నీ నేర్చుకున్న.

ఏడాదికి సంవత్సరీకం చేసినం. పుట్టింటి తరఫున మా మేనమామ అమ్మకు కొత్త చీర పట్టుకొని గౌడవెల్లి నుంచి వచ్చిండు. మామ భూముల బేరాలు చేస్తడు, గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది. చీరతోని పాటు ఒక ప్లాస్టిక్ కవర్ల నీలం చేప గూడ తెచ్చిండు. "బుజ్జోనికి తోడు అక్కా" అన్నడు.

నరేష్‌కు ఒక పద్ధతి ఉండె. కొత్త చేప ఏదొచ్చినా ముందు కొన్ని వారాలు వేరే డబ్బల ఉంచేటోడు. రోగముంటే ఆడనే బయటవడ్తదని. నేను అదే చెప్పిన. మామ ఇనలే. "ఏంది కోడలా, ఇంటికొచ్చిన సుట్టాన్ని ఎవలన్న బయట నిలవెడ్తరా? అండ్ల ఇయ్యాల ఏడాది మైల తీరిన దినం" అన్నడు. వర్జ్యం రాకముందే లోపటికి పంపాలని, కవర్ కోసి నీళ్లతోని సహ గుమ్మరిచ్చిండు. అద్దానికి బొట్టు గూడ వెట్టిండు. అమ్మ మొఖంల ఏడాది తర్వాత జరంత నవ్వు చూసి నేను గూడ నోరు మూసుకున్న.

పది దినాలు తిరగకముందే నీలం చేప ఒంటి మీద ఉప్పు సల్లినట్టు తెల్ల సుక్కలు లేసినయ్. తర్వాత మిగతా చేపలకు. తర్వాత బుజ్జోని రెక్కల మీద.

అమ్మ చూసి, "అమ్మతల్లి వోసింది బిడ్డా" అన్నది. నేను ఇది పురుగుతోని వచ్చే రోగమమ్మా అని చెప్పిన. ఇంటే గదా! ట్యాంకు పక్కన యాపమండలు కట్టింది. ఇంట్ల నీసు బంద్, పోపు బంద్, గట్టిగ మాట్లాడుడు బంద్. బయటికెల్లి వచ్చినోళ్లు కాళ్లు కడుక్కోందే ఆ అర్రల అడుగువెట్టొద్దు. చేపలకు అమ్మవోస్తే నేను పోపు లేని పప్పు తినుడేందని నవ్వొచ్చేది, ఏడుపొచ్చేది. యాపాకు నీళ్లల్ల ఏస్తనంటే మాత్రం కాళ్లు మొక్కి ఆపిన.

రోగం సంగతి ఏందంటే, ఆ పురుగు చేప దొరికితేనే బతుకుతది. చేప లేకుంటే ఆకలికి చస్తది. కాబట్టి ట్యాంకుల ఒక్క చేప గూడ లేకుంట రెండున్నర నెలలు వదిలెయ్యాలె. చేపలను వేరే నీళ్లల్ల ఉంచి రాగి మందు ఇయ్యాలె. ఆ మందు ట్యాంకుల ఏస్తే ఎనిమోన్ చస్తది, అందుకే వేరే.

చేపలను పట్టెటందుకు ట్యాంకుల ఉన్న రాళ్లన్నీ బయటికి తీసిన. ఒక్కొక్కటి చేతుల పట్టుకొని తిప్పి తిప్పి చూసిన. అడుగు దాంక కడిగి, నీళ్లు మార్చి, రాళ్లు మళ్ల పేర్చి, ఎనిమోన్‌ను దాని రాయితోని సహ ఎన్కకు వెట్టిన. ట్యాంకు మళ్ల కొత్తగ మొదలువెట్టినట్టే. అండ్ల నత్తలు తప్ప కదిలేది ఏదీ లేదు. ఈ మాట ఎందుకు చెప్తున్ననో తర్వాత మీకే తెలుస్తది.

ఎన్క అర్రల ప్లాస్టిక్ టబ్బుల మందు వెట్టిన. నీలం చేప ముందు పోయింది, తర్వాత మిగతావి. బుజ్జోడొక్కడు మిగిలిండు.

సలికాలం మొదలైంది. ఒకనాడు నేను డ్యూటీ నుంచి వచ్చెటాళ్లకు అమ్మ ఖాళీ ట్యాంకు ముంగట కూసొని ఉన్నది. నన్ను చూసి మెల్లగ, "అండ్ల ఉన్నడు బిడ్డా" అన్నది. ఎవలమ్మా అని అడగలే నేను, నరేష్ గురించే అంటున్నదని తెలుస్తనే ఉన్నది. డాక్టర్‌కు చూపియ్యాలె, ఎట్ల ఒప్పియ్యాలె అని లోపలలోపల పరేషాన్ అయిన.

ఆ ఆదివారం నేను గూడ పక్కన కూసున్న. అమ్మ భ్రమ పోగొడదామనే కూసున్న.

పొద్దుగూకుతాంది. కరెంటు పోయింది, అప్పట్ల కోతలు మామూలే. మోటర్లు బందైనయ్. నీళ్ల మీద ఒక నలుసు తేలుతుండె, అది గూడ కదుల్తలేదు. కిటికిలకెల్లి వెలుగు మంచిగనే వస్తాంది. అప్పుడు ఎనిమోన్ నడిమిట్ల గుంత వడ్డది. వేళ్లన్నీ పక్కలకు జరిగినయ్, నడుమ బరువున్నది ఏదో ఒరిగినట్టు. బుజ్జోడు పండుకుంటే ఎట్ల వడ్తదో అచ్చం గట్లనే. గుంత జర అటు, జర ఇటు కదిలింది. వాడు రెక్కలాడిస్తే గట్లనే కదిలేది.

లేసి ఎన్క అర్రకు ఉరికిన. బుజ్జోడు టబ్బులనే ఉన్నడు. మళ్లొచ్చి టార్చి కొట్టి కిందికెల్లి, పక్కలకెల్లి చూసిన. రాయి కింద ఏం లేదు. నత్తలు అద్దానికి అతుక్కొని ఉన్నయ్. గుంత అట్లనే ఉన్నది.

ఆ తర్వాత చానా మాపులు చూసిన. దినాం కాదు గని ఎక్కువ దినాలు అదే యాళ్లకు వచ్చేది. ఒకనాడు మామ వచ్చిండు. తన వల్లనే గిదంత అయిందని ఆయన గూడ కుములుతుండె. మేము ఆయనకేం చెప్పలే. ట్యాంకు దిక్కు చూస్తూ మాట్లాడుతున్నోడు ఒక్కపారి ఆగిండు. "కోడలా, చేప లేదన్నవ్ గదా?" అన్నడు. లేదు మామ అన్న. దినమంత మాట్లాడే మనిషి రెండు చేతులు జోడిచ్చి, చాయ గూడ తాగకుంట ఎల్లిపోయిండు.

రెండున్నర నెలలు గడిచినయ్. ఇంకో వారం గూడ ఆగి, ఇగ బుజ్జోన్ని ఏద్దామమ్మా అన్న. ఇయ్యాల మంగళారం వద్దన్నది. తర్వాత అమాస అన్నది. తర్వాత ఏం సాకు చెప్పకుంటనే వద్దన్నది. నాకు కోపమొచ్చి గట్టిగ అడిగిన. టబ్బు ఇరుకాయె, నీళ్లు ఎన్నిసార్లు మార్చినా కరాబైతున్నయ్, వాడు రంగు తగ్గుతుండు, ఎందుకు వద్దంటున్నవ్ అని.

"వీడొస్తే వాడు లేవాలె గద బిడ్డా" అన్నది.

బాత్రూంల నల్లా ఇప్పుకొని ఏడ్సిన.

తర్వాత బుజ్జోడు తిండి మానేసిండు. రొయ్య ముక్క ముక్కు కాడికి వచ్చినా తిప్పుకునేటోడు. ఒక ఆదివారం మధ్యాహ్నం చూస్తే టబ్బు అడుగున పక్కకు ఒరిగి ఉన్నడు. మొప్పలు మాత్రం జోరుగ కొట్టుకుంటున్నయ్. అమ్మను పిలిచిన. ఆమె వచ్చి టబ్బు పక్కన నేల మీద కూసున్నది. చెయ్యి నీళ్లల్ల వెట్టి వాని ఈపు ముట్టుకున్నది.

"లే బిడ్డా, పట్టు" అన్నది. "బతికున్నోనికి జాగ గావాలె."

గిన్నెల పట్టుకొచ్చి, ట్యాంకు నీళ్లు కొన్ని కొన్ని కలుపుకుంట అలవాటు చేసిన. అమ్మ ట్యాంకు కాడ నిలవడ్డది. అది పొద్దుగూకే యాళ్ల కాదు, మంచి ఎండ పూట. అయినా ఎనిమోన్ నడుమ గుంత ఉన్నది.

బుజ్జోన్ని ఇడిసిన. మెల్లగ ఈదుకుంట దాని కాడి దాంక పోయిండు. లోపలికి పోలే. ముంగటనే ఆగి, రెక్కలాడిచ్చుకుంట నిలవడ్డడు. నేను చూస్తనే ఉన్న.

అమ్మ అద్దం మీద అరచెయ్యి ఆనిచ్చింది. "లే నాయినా" అన్నది. "నీ తమ్ముడొచ్చిండు. జాగియ్యి."

గుంత ఒక పక్కకెల్లి మెల్లగ నిండుకుంట వచ్చింది. మంచం మీదికెల్లి మనిషి లేస్తే పరుపు లేస్తది గద, గట్ల. వేళ్లన్నీ నిటారుగ నిలవడ్డయ్. అప్పుడు బుజ్జోడు లోపటికి పోయిండు.

ఆ తర్వాత అది మళ్ల ఎన్నడు రాలే. బుజ్జోడు రెండో దినమే తిన్నడు, నేను ఈ ముచ్చట చెప్పే నాటికి గూడ ఉన్నడు. మామ ఇప్పటికీ మా ఇంటికొస్తే ఆ అర్రల కూసోడు.

నేను నాకు తోచిన కారణాలన్నీ ఎతికిన. ఎనిమోన్ దానంతట అదే ముడుచుకుంటది, నిజమే. ఇన్ని దినాలు అదే ఆకారంల ముడుచుకుంటదా? వేరే ఎనిమోన్లున్న దుకాణాలకు పోయి గంటల కొద్ది నిలవడి చూసిన. గట్ల ఒక్కటి గూడ ముడుచుకోలే. మనసు భ్రమ అందామంటే, మామకు ఎవలు చెప్పిన్రు?

అయినా నాకు నిద్ర పట్టనియ్యంది ఇదేం కాదు. ఆ మధ్యాహ్నం, బుజ్జోడు లోపటికి పోయినంక, అమ్మ అద్దం మీదికెల్లి చెయ్యి తియ్యకుంటనే అడిగింది: "గిన్ని దినాలు అండ్ల ఉన్నడు. ఆ నీళ్లు సల్లగుంటయా బిడ్డా?"

"లేదమ్మా, లోపట హీటర్ ఉన్నది" అన్న. "గోరువెచ్చగనే ఉంటయ్. వానికి సలి వెట్టలే."

అప్పుడు ఏడ్సింది అమ్మ. నన్ను వట్టుకొని, ఏడాది పైన నాలుగు నెలల ఏడుపంత ఏడ్సింది.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మ. గని వానికి సలి వెట్టలే అని చెప్పినప్పుడు నాకు ఒక్క క్షణం గూడ అనుమానం రాలే. నేను ఆ మాట ఎవని గురించి అన్ననో, ఈనాటికీ నాకు సమజ్ కాలే.