ఐదు కుచ్చిళ్ల రోజారమణి

మా రోజారమణి పిన్ని సెల్‌ఫోను ముందు నిలబడి కొంగు సర్దుకుంటే హార్బరులోకి వచ్చే ఓడలు లంగరు వేయడం మరిచిపోతాయి. నమ్మనివాళ్లు గాజువాక రండి.

అక్కడ గురునాథరావు గారి చీరల దుకాణంలో ఆవిడకి పని. రోజూ పదకొండింటికి ఇన్‌స్టా లైవ్‌లో చీరలు కట్టి చూపించాలి. పిన్ని లావు, నలుపు. అది కనపడకూడదని గురునాథరావు గారు ఫోనులో ఫిల్టర్ పెట్టారు. పిన్ని నడుం సగమైపోయింది, మొహం పాలలో ముంచి తీసినట్టయింది. అది చూసిన మా తవిటయ్య బాబాయి, కట్టుకున్న భార్యని రెండు రోజులపాటు ‘మీరు’ అంటూ మాట్లాడాడు.

చిక్కేమిటంటే, ఆ ఫిల్టర్ మొహంతోపాటు చీరనీ తెల్లబరిచింది. నిమ్మపండు రంగనుకుని కొన్నవాళ్లకి ముదురు పసుపు చీర అందింది. ఎలమంచిలి దాకా వెళ్లిన పార్సిళ్లు అలాగే తిరిగొచ్చాయి. గురునాథరావు గారికి తప్పు ఫోనులో కనపడలేదు, పిన్నిలో కనపడింది. సోమవారం నుంచి చంద్రిక అనే సన్నటి అమ్మాయి లైవ్‌లో నిలబడుతుందనీ, పిన్ని గోడౌనులో మడతలు చూసుకోవచ్చనీ చెప్పేశారు. గోడౌనుకి వెళ్లినవాళ్లెవరూ మళ్లీ కౌంటరు ముఖం చూడలేదు.

పిన్ని ఏడవలేదు. శనివారం లైవ్ మాత్రం తనకి వదిలేయమంది. ఫిల్టర్ తీసేసి, ఫోను గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టించి, ఆ పసుపు చీరే చేతిలోకి తీసుకుంది.

“నాను లావు, నలుపు. కనబడతన్నాను కదా. ఇప్పుడు సీర సూడండి.”

చుట్టూ తిప్పి, కుచ్చిళ్లు పట్టి, పైకే లెక్కపెట్టింది. ఐదు. తనంత ఒళ్లున్నవాళ్లకి ఐదే వస్తాయనీ, సన్నటివాళ్లకి ఏడు వస్తాయనీ చెప్పింది. వెనక క్లిప్పులు పెట్టి నడుం బిగించుకునే మోడళ్లెవరూ ఇన్నేళ్లలో ఈ ముక్క చెప్పలేదు. ఫొటోలో మొహం మాత్రమే పెట్టుకునే ఆడవాళ్లు కామెంట్లలో తమ ఒళ్లు తామే చెప్పుకోవడం మొదలుపెట్టారు. నేను మీకన్నా లావు అక్కా, నాకెన్ని వస్తాయని ఒకావిడ అడిగింది.

“నాలుగు. కుచ్చు సన్నంగా పట్టు, ఐదొత్తాయి.”

కామెంట్లతోపాటు ఆర్డర్లూ వచ్చాయి; ఆ పార్సిళ్లలో తర్వాత ఒక్కటీ తిరిగి రాలేదు. సోమవారం చంద్రిక వచ్చింది, ఫోను పట్టుకోవడానికి.

ఆ లైవ్‌ని పది లక్షల మంది చూశారనీ, విశాఖ ఆడవాళ్లందరికీ అద్దం ముందు నిలబడే ధైర్యం పిన్నే ఇచ్చిందనీ ఈ కథలో రాసి, ఆవిడకే చదివి వినిపించాను. చీర మడతపెట్టడం ఆపకుండా అంది:

“నూట పన్నెండు మంది సూసినారు. దైర్నం ఏటీ కాదు. పసుపు సీర పసుపుగా కనబడాల, అంతే.”