సుంకం తగవులో తాత పక్షం

మా నాయనమ్మ సుబ్బరావమ్మ వాదనలో ఎన్నడూ ఓడిపోలేదు. అది ఆమె లెక్క. తాత వెంకయ్య లెక్క వేరు గానీ, ఆయన పోయి రెండేళ్లయింది.

తాత మార్టూరు దారిలో ఒక నూలు మిల్లులో ఫిట్టరు. నాయనమ్మ మూడెకరాల పత్తిచేను చూసుకునేది. విదేశీ పత్తి మీద సుంకం వేస్తే మిల్లు మూలుగుతుంది, తీసేస్తే చేను ఏడుస్తుంది. అందుకని ఆ ఇంట్లో అన్నాల దగ్గర రెండు పార్టీలు కూర్చునేవి. విదేశీ సరుక్కి తలుపులు తెరిచే డంకెల్ ఒప్పందమని పేపర్లు గోలపెట్టిన రోజుల్లో మొదలైన తగవు అది. బడ్జెట్‌లో సుంకం వేసిన ఏడు నాయనమ్మ గారెలు వండింది. మరుసటేడు దాన్ని ఎత్తేస్తే, తాత తనే మినప్పప్పు నానబోసి, "ఇప్పుడు నా పండగ, వండవే" అన్నాడు.

మొన్న మళ్లీ సుంకం ఎత్తేశారని టీవీలో చెప్పారు. నాయనమ్మ గబుక్కున పక్కకు తిరిగి, "ఏవయ్యా, విన్నావా? మీ మిల్లోళ్లదే పైచేయి!" అంది. తాత కూర్చునే చోట ఎండుమిరపకాయల గోతం ఉంది.

కొడుకుతో, మా బాబాయి కోటేష్‌తో, తగవు పెట్టుకుందామని చూసింది. "నువ్వన్నదే రైటమ్మా" అని ఫోన్ చూసుకున్నాడు. కోడలూ అంతే. అందరూ ఒప్పుకునే ఇల్లు అంత బావురుమంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

సుంకం మళ్లీ వెయ్యాలని రైతులు మార్టూరు సెంటర్లో సభ పెట్టారు. నోరున్న మనిషి కదా అని నాయనమ్మకు మైకిచ్చారు.

"సుంకం ఎందుకయ్యా?" అంది, అచ్చం తాతలాగే వేలు ఆడిస్తూ. "దూది రేటెక్కితే మిల్లు షిఫ్టు ఆపుద్ది. మిల్లు ఆగితే మన పత్తి ఎవడు కొంటాడు?"

తాత మాటలు ఇంకొక్కసారి పైకి వినపడాలి, ఎవరో ఒకరు లేచి కాదనాలి. ఆమెకు కావలసింది అంతే. ఎవరూ అరవలేదు. "పెద్దావిడకు ఎండ దెబ్బ కొట్టినట్టుంది" అంటూ ఒకాయన మైకు మెల్లగా తీసుకుని, చేతిలో మజ్జిగ ప్యాకెట్ పెట్టాడు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఖుర్షిదా వచ్చింది. పక్క చేనే కౌలుకు తీసుకుని పత్తి వేసిన మనిషి.

"ఏం పిన్నీ, అంతమందిలో మా నోట్లో మట్టి కొడతావా?"

నాయనమ్మ మొహం వెలిగిపోయింది. కొంగు దోపింది. "మిల్లు బతికితేనే నువ్వు బతికేది! కూర్చో, చెప్తా."

"బయటి పత్తి ఓడల్లో చవగ్గా దిగుతుంటే మిల్లోడు నా గడప ఎందుకు తొక్కుతాడు? ముందు అది చెప్పు!"

అది నాయనమ్మ ప్రశ్నే. తాతను ముప్పై ఏళ్లు అడిగింది. ఆయన ప్రతిసారీ పెరుగన్నం కలుపుకుంటూ, నిదానంగా, చాలాసేపు ఏదో జవాబు చెప్పేవాడు. నాయనమ్మ నోరు తెరిచింది. ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఆయన చెబుతున్నంతసేపూ, తర్వాత తనేం అనాలో సిద్ధం చేసుకుంటూ ఉండేది.

"చెప్పవేం?"

"ఆయనకు తెలుసే," అంది నాయనమ్మ. "నేనే వినలా."

ఖుర్షిదా కోపం చప్పున దిగిపోయింది. వచ్చి పక్కన కూర్చుంది. "పోన్లే పిన్నీ. ఏమన్నా తిన్నావా?" అంది.

ఆ మెత్తటి గొంతు వినగానే, తగవు అయిపోయిందని నాయనమ్మకు అర్థమైంది.