ఊపిరి తీసుకునే చోటు

అబిడ్స్ వెనక సందులో ఉన్న మా చర్చిలో, తూర్పు గోడ పైవరుస కిటికీకి ఒక అద్దం చాలాకాలం పగిలి ఉండేది. ఒక క్రిస్మస్ ఆరాధనలో నేను అందుకున్న కింది స్వరానికే అది పగిలిందని ఊరంతా చెప్పాను. కొత్తగా సభ్యత్వం తీసుకున్నవాళ్లనైతే చేయి పట్టుకుని తీసుకెళ్లి మరీ చూపించేవాణ్ణి. నేను నిలబడిన చోటు ఇదీ, అద్దం అదిగో అక్కడ, మధ్యలో ఎంత దూరమో మీరే చూసుకోండి అనేవాణ్ణి. నిజానికి దాన్ని పగలగొట్టింది పక్క స్కూలు మైదానం నుంచి వచ్చిన క్రికెట్ బంతి. బెంచీ కింద ఆ బంతి దొరికింది కూడా నాకే. ఇప్పటికీ మా ఇంట్లో షోకేసులో ఉంది.

గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం గురించి రాయడానికి ఏమీ లేదు. పొద్దున వెళ్లేవాణ్ణి, సాయంత్రం వచ్చేవాణ్ణి, మధ్యలో సంతకాలు పెట్టేవాణ్ణి. నాకోసం నేను చేసుకున్నది ఏదైనా ఉందంటే అది శనివారం సాయంత్రాల క్వయర్ ప్రాక్టీసే. అక్కడ నాకు హోదా లేదు, నా కుర్చీ అంటూ లేదు. గోడవారగా ఒక చెక్క బెంచీ, కిర్రుమనే ఫ్యాను, నాలుగు రకాల గొంతులు. ఆడవాళ్లలో పైగొంతు, కిందిగొంతు. మగవాళ్లలో పైగొంతు, అన్నిటికీ అడుగున పునాదిలాగా బేస్. ఆ బేస్‌లో మేమిద్దరం. నేనూ, వకీలన్నా.

వకీలన్న నాంపల్లి క్రిమినల్ కోర్టులో వకీలు. మెదక్ వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. మా నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు కాబట్టి, నేను "అలాగేనండీ" అన్నప్పుడల్లా ఆయన వెక్కిరింపుగా "అలాగేనండీ" అని రెండుసార్లు అనేవాడు. ఆయన కోర్టులో వాదిస్తే వరండాలో మిర్చీలు తినేవాళ్లకు కేసు మొత్తం తెలిసిపోయేది. ఇందులో నా అతిశయోక్తి ఏమీ లేదు, మిర్చీలు తింటూ విన్నవాణ్ణి నేనే.

మా పాటల పుస్తకాల్లో మాటల మీద డో, రే, మీ స్వరాలకు గుర్తుగా చిన్న చిన్న అక్షరాలు, చుక్కలు, గీతలు ఉంటాయి. సోల్ఫా అంటాం దాన్ని. అది చదవడం వచ్చినవాడు ఎన్నడూ వినని పాటనైనా చూసి పాడేస్తాడు. నాకు రాదు. క్వయర్‌లో చేరిన రోజు మాత్రం, చిన్నప్పుడు మిషన్ స్కూల్లోనే నేర్చుకున్నాననీ, నాలుగు పార్టులూ చదవగలననీ చెప్పాను. నాలుగెందుకు అన్నానో ఇప్పటికీ తెలియదు. ఒకటంటే సరిపోయేది.

నా పద్ధతి చాలా తేలిక. వకీలన్న పక్కన నిలబడటం, ఆయన నోట్లోంచి స్వరం బయటికి రాగానే దాన్ని అందుకోవడం. రెంటికీ మధ్య ఉన్న ఆలస్యం ఎవరి చెవికీ చిక్కదనుకున్నాను. ఆయనకు మొదటి నెలలోనే చిక్కింది.

ప్రాక్టీసయ్యాక ఇద్దరం అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ రోడ్డు దాకా నడిచి వెళ్లి ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్లం. ఒకరోజు ఆయన సాసర్లో చాయ్ పోసుకుంటూ మెల్లగా మొదలుపెట్టాడు.

"తమ్మీ, ఇయ్యాల నువ్వు పేజీ తిప్పుడు మర్శినవ్. రెండో పాట మొత్తం మొదటి పాట పేజీ సూస్కుంటనే పాడినవ్."

"నాకు కంఠతా వచ్చన్నా అది."

"ఇయ్యాలనే ఇచ్చిన్రు గదా ఆ పాట."

నేను చాయ్‌లో బిస్కెట్ ముంచాను. అది విరిగి అడుక్కి పోయింది. దాన్ని చెంచాతో వెతుకుతూ కాసేపు గడిపాను.

"శనివారం ఓ గంట ముందుగాల రా," అన్నాడాయన. "గీ ముచ్చట ఎవ్వలకు చెప్ప. కూసోని నేర్పిస్త. నీ గొంతు మంచిగున్నది, జర సోయి లేదంతే."

"తప్పకుండా అన్నా. నుమాయిష్ అయిపోనీండి."

నాంపల్లి మైదానంలో ప్రతి చలికాలం ఎగ్జిబిషన్ పెడతారు కదా, అదే నుమాయిష్. ఆ రోజుల్లో జనం, ట్రాఫిక్కు, బంధువుల రాకపోకలు. అందుకని అది అయిపోయాక అన్నాను. ఆ ఏడాది నుమాయిష్ అయింది, ఆడిట్ వచ్చింది. ఆడిట్ అయ్యాక ఎండలు వచ్చాయి. ఆయన మాత్రం వదిలేవాడు కాదు. నడివేసవిలో, జూన్ వానల్లో, ఎప్పుడు పడితే అప్పుడు చాయ్ ముందు కూర్చుని "ఏంది తమ్మీ, నుమాయిష్ అయిందా?" అనేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వుతోనే చాలా ఏళ్లు గడిచిపోయాయి. నేర్చుకోవడానికి కూర్చుంటే రాదని ఒప్పుకున్నట్టే కదా. అబద్ధం ఆడటానికి ఒక్క క్షణం పట్టింది, దాన్ని దాచిపెట్టడానికి ఒక ఉద్యోగకాలం పట్టింది.

అసలు ప్రయత్నమే చేయలేదని కాదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో సోల్ఫా నేర్పే పుస్తకం ఒకటి కనబడితే కొని, చర్చివాళ్లెవరైనా చూస్తారేమోనని వార్తాపత్రికలో చుట్టి ఇంటికి తెచ్చాను. కష్టపడి సగం చదివానని మొన్నమొన్నటి దాకా చెప్పుకున్నాను. ముందుమాట చదివాను. మా ఆవిడ కొన్నాళ్లు చూసి, దాన్ని కుట్టుమిషన్ పొట్టి కాలు కింద పెట్టింది. మిషన్ ఊగడం మానేసింది.

ఇక్కడ బేస్ గురించి ఒక సంగతి చెప్పాలి. పెద్ద పాటల చివర మాకు ఒక పొడుగు స్వరం ఉంటుంది. పైన మూడు గొంతులూ మాటలు మారుస్తూ, ఎక్కుతూ దిగుతూ ఉంటే, అడుగున మేము ఒకే స్వరాన్ని పట్టుకుని కదలకుండా నిలబడాలి. అది మామూలుగా ఒక మనిషి ఊపిరికి అందేది కాదు. అందుకే పక్కపక్కన ఇద్దరు. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవాళ్లు పాడుతూ ఉండాలి. వీళ్లు అందుకున్నాక వాళ్లు తీసుకోవాలి. అప్పుడే వినేవాళ్లకు అది తెగని స్వరం. పక్కవాడు ఊపిరి తీసుకునే చోట నువ్వు తీసుకోకూడదు. క్వయర్‌లో చేరినవాడికి మొదట చెప్పే మాట ఇదే.

నేను వకీలన్న నోటిని బట్టి పాడేవాణ్ణి. ఆయన నోరు తెరిస్తే తెరిచేవాణ్ణి, మూస్తే మూసేవాణ్ణి. ఆయన ఊపిరి పీల్చిన క్షణంలోనే నేనూ పీల్చేవాణ్ణి. చేరిన కొత్తలో ప్రతి పాట చివరా క్వయర్ మాస్టారు చేయి దించేసి, "బేస్‌లో మళ్లీ గుంత పడింది" అనేవారు. కొన్నాళ్లకు ఆ గుంత పూడిపోయింది. నేను బాగుపడ్డానని అందరికీ చెప్పాను. ఆ పొడుగు స్వరం దగ్గర వకీలన్న మెడ నరాలు ఉబ్బేవి, చెవులు కందిపోయేవి. ఇంటికొచ్చి మా ఆవిడతో, "ఆయనకు కాస్త ప్రదర్శన ఎక్కువ" అనేవాణ్ణి.

కిందటి వానాకాలంలో వకీలన్న గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఫికర్ లేదన్నారు. గొంతు మాత్రం మిగల్లేదు. గాలిలాంటి గుసగుస ఒకటి మిగిలింది. దగ్గరికి వంగితే మాట తెలుస్తుంది, స్వరం పలకదు. దవాఖానలో చూడబోతే నన్ను వంగమని సైగ చేసి, "ఇగ జడ్జీల చెవులు బతికినయ్" అన్నాడు. నేను మరీ గట్టిగా నవ్వాను. నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది.

ఇప్పుడు మా క్వయర్‌ను నడిపేది ఒక కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయి. చర్చి వార్షికోత్సవానికి ఒక పాత పాటను, కీబోర్డు లేకుండా, పూర్వంలాగే నాలుగు గొంతులతో పాడించాలని తనకు పట్టుదల. కుర్రాళ్లందరికీ పైగొంతే కావాలి, అక్కడైతే పాడేవాడు వినబడతాడని. అడుగున నేనొక్కణ్ణే మిగిలాను.

"మీరున్నారు కదా అంకుల్, నాకు టెన్షన్ లేదు," అంది ఆ అమ్మాయి. "నాలుగు పార్టులూ వచ్చట కదా మీకు."

"ఆ," అన్నాను.

ఆ వారమే హోటల్లో వకీలన్నతో పాట సంగతి చెప్పాను. ఆయన కళ్లు వెలిగాయి. బల్ల మీదికి వంగి, పైన మెట్రో పోతున్నంతసేపూ ఆగి, అప్పుడు అన్నాడు.

"ఆ పాటల బేసు ఒక్కసారి బయట కూసోని ఇనాల్నని ఉండె తమ్మీ. ఎప్పుడూ లోపల్నే ఉంటిని గదా. బయటికి ఎట్ల ఇనొస్తదో ఎర్క లేదు."

చర్చి కిటికీల గురించీ, నా గొంతు గురించీ ఎన్నో చెప్పినవాణ్ణి, ఈసారి ఉన్నమాటే చెప్పాను.

"అన్నా, నాకు చదవడం రాదు," అన్నాను.

ఆయన నా వైపు చూసి, ఊపిరంతా కూడదీసుకుని అడిగాడు. "నుమాయిష్ అయిపోయిందా మరి?"

ఆ అమ్మాయి ఎవరి పార్టు వాళ్లకు కీబోర్డు మీద వాయించి ఫోన్‌లో పంపించింది. నాది ఆయనకు వినిపించాను. చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా విని, ఫోను తిరిగి నా జేబులో పెట్టేశాడు. "ఇది ఊపిరి తీసుకోదు," అన్నాడు. "దీని ఎనకబడి పోతె నడుమల్నే పడిపోతవ్."

మధ్యాహ్నాలు చర్చి ఖాళీగా ఉంటుంది. ఆయన ముందు బెంచీ మీద కూర్చునేవాడు, నేను ఎదురుగా నిలబడేవాణ్ణి. ఆయన చిన్నప్పుడు మిషన్ బడిలో చేతి సైగలతో స్వరాలు నేర్పేవారట. పిడికిలి బిగించి నడుము దగ్గర పెడితే డో. అరచేయి ఏటవాలుగా లేస్తే రే. చదునుగా బోర్లిస్తే మీ. స్వరం ఎక్కేకొద్దీ చేయి ఎక్కుతుంది. నేను పాడుతుంటే ఆయన చేయి మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండేది. తప్పితే అక్కడే ఆగిపోయి, నేను దిగివచ్చేదాకా కదిలేది కాదు. వారం రోజుల్లో మొత్తం నేర్చేసుకున్నాను. మొత్తం కాదు, వారం రోజుల్లో డో నేర్చుకున్నాను. మిగతావి ఆ తర్వాత, తడుముకుంటూ.

ఒకరోజు చివరి పొడుగు స్వరం దాకా వచ్చాం. ఆయన పిడికిలి బిగించాడు. పాడుతూ పాడుతూ, అలవాటైన చోట ఊపిరి తీసుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆడ కాదు. మాట మారేకాడ తీసుకో. పైనోళ్లు గట్టిగ అందుకుంటరు గాడ, నీ సందు ఎవ్వలకు గానరాదు."

"మీరు ఇక్కడే తీసుకునేవాళ్లు కదన్నా?"

"మొదట్ల. నువ్వు సుత ఆణ్ణే తీసుకుంటుంటివి. గుంత పడుతుండె. ఇగ ఇడిసిపెట్టిన."

"మరి ఎక్కడ తీసుకునేవాళ్లు?"

"తీసుకోలె."

కోపం లేకుండా, కోర్టులో వాయిదా తేదీ చెప్పినట్టు చెప్పాడు. నేను కూర్చుండిపోయాను. ఉబ్బిన ఆ మెడ నరాలు, కందిన చెవులు, మా ఆవిడతో నేను అన్న మాట, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆయన పక్కన ఇన్నేళ్లు నిలబడి, ఒక్క పాటలో ఒక్కసారైనా ఆయన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. దానికి గొప్ప విద్యేమీ అక్కర్లేదు. ఒక్క స్వరం నా అంతట నేను పట్టుకుని ఉంటే చాలు. ఆ ఒక్కటీ, ఇప్పుడు ఆయన పక్కన లేనప్పుడు, వచ్చింది.

"లే," అన్నాడు ఆయన, మళ్లీ పిడికిలి చూపిస్తూ. "మాట మారేకాడ."

వార్షికోత్సవం ఆదివారం పొద్దున. వకీలన్న రెండో వరుసలో, నడిచే దారి పక్కన కూర్చున్నాడు, మెడకు మఫ్లరు చుట్టుకుని. పాట మొదలైంది. చాలావరకు పుస్తకం చూసే పాడాను, పేజీ కూడా తిప్పాను. చివరి స్వరం అందుకున్నాను. మాట మారేచోట ఊపిరి తీసుకున్నాను, నిజంగానే ఎవరికీ తెలియలేదు. కానీ స్వరం ఇంకా ఉంది. మాట మళ్లీ మారేదాకా నా ఊపిరి చాలలేదు, పైవాళ్ల మరుగు లేని చోట అయిపోయింది. పక్కన పట్టుకునేవాళ్లు లేరు. నేను నోరు మూసిన ఆ క్షణంలో, పైన మూడు గొంతులూ కింద నేల లేనట్టు తేలాయి. అప్పుడు చూశాను. రెండో వరుసలో వకీలన్న పిడికిలి నడుము దగ్గర బిగించి ఉంది. మెడ నరాలు ఉబ్బి, నోరు తెరిచి, చప్పుడు లేకుండా ఆ స్వరాన్ని పట్టుకుని ఉన్నాడు. నేను మళ్లీ అందుకున్నాకే చేయి దించాడు.

బయట ఆ అమ్మాయి నా చేతులు పట్టుకుని, "సూపర్ అంకుల్, మీ గొంతుకు కిటికీలు పగులుతాయన్నారు, నిజమే," అంది. అది క్రికెట్ బంతి అని చెప్పాను. నవ్వింది, నమ్మలేదు.

నాంపల్లి దాకా ఇప్పుడు నడవలేం, ఆటోలో వెళ్లాం. హోటల్లో ఎప్పటి బల్లే దొరికింది. చాయ్ వచ్చింది. నేనే అడిగాను.

"ఎలా ఉందన్నా బయటికి?"

"మంచిగున్నది," అన్నాడు. "ఒక్కడు పాడితె గట్లుంటదన్నట్టు. ఇద్దరు పాడితె ఎట్లుంటదో ఎర్కలేకనే పాయె."

చాయ్ వేడి ఇప్పుడు ఆయన గొంతుకు పడదు. ఆయన కప్పు నా వైపు లాక్కుని, సాసర్లో పోసి, మెల్లగా ఊదుతూ కూర్చున్నాను. చల్లారాక ఆయన ముందు పెట్టాను.